ఉత్తరం ఎవరికి అందాలి

(జిన్నారం ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థులు హిందీ సారు స్మృతిలో ఏర్పాటు చేసిన రెండో స్మారకోపన్యాసం పాఠం)



సారు పేరు నేను ఈ సభలో పలకడం లేదు. ఇంటివాళ్లు కోరిన మాట అది. పిలుపు కాగితం మీద కూడా "హిందీ సారు" అనే అచ్చు వేశారు. జిన్నారంలో ఆ రెండు మాటలు చాలు. ఇన్నేళ్లు ఈ ఊళ్లో హిందీ చెప్పిన మనిషికి అంతకంటే గట్టి పేరు ఇంకొకటి లేదు.

ఆయన బడిలో చెప్పిన పాఠాలకంటే బడి వదిలాక ఆయన ఇంటి అరుగు మీద జరిగిన పనే నాకు ఎక్కువ గుర్తు. నా చిన్నతనానికే ఈ చుట్టుపక్కల పొలాలు ఫ్యాక్టరీలైపోయాయి. 1960లలో రామచంద్రాపురానికి బీహెచ్ఈఎల్ వచ్చింది. 70లలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ లేచింది. ఆ వెనకే బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి దాకా మందుల కంపెనీలు పాకాయి. పనికి బిహార్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, ఒడిశా నుంచి పిల్లలు వచ్చారు. పిల్లలనే అంటున్నాను. ఇరవై ఏళ్లు నిండనివాళ్లే ఎక్కువ. ఒక్కో రేకుల గదిలో ఎనిమిది మంది. ఏ షిఫ్టువాళ్లు లేచిన చాపల మీద సీ షిఫ్టువాళ్లు పడుకునేవాళ్లు.

వాళ్లలో చాలామందికి చదువు రాదు. వచ్చినా, ఇంటికి ఏం రాయాలో తెలియదు. ఊళ్లో హిందీ రాయగలిగినవాళ్లు ఒకరో ఇద్దరో. అందుకని సాయంత్రం అయిదు దాటితే సారు అరుగు నిండిపోయేది. ఇన్‌ల్యాండ్ కాగితం వాళ్లది, కలం సారుది. మనీయార్డరు ఫారం నింపడం, ఊరి నుంచి వచ్చిన ఉత్తరం చదివి వినిపించడం, జవాబు రాయడం. అమ్మగారు మధ్యలో చాయ్ పంపేవారు. ఆ చాయ్ గ్లాసులు కడగడం నాకూ ఇంకో ఇద్దరు పిల్లలకూ అప్పగించిన పని. అందువల్లే ఇవన్నీ చూడగలిగాను.

సారుకు ఒక పద్ధతి ఉండేది. చెప్పింది చెప్పినట్టే రాసేవారు. రాశాక ఒకసారి పైకి చదివేవారు. చదివి అడిగేవారు: "ఇది మీ అమ్మ చేతికి పోతది. చదివించుకున్నంక ఆమె ఏమనుకుంటది?" ఆ ఒక్క ప్రశ్నకు కొందరు తల వంచుకునేవారు. ఒకసారి ఒక కుర్రాడు పెళ్లాం మీద మండిపడుతూ వచ్చాడు. తాను పంపిన డబ్బు ఆమె అన్నదమ్ములకు ఇచ్చిందట. ఇక మీదట పైసా పంపనని రాయమన్నాడు. సారు రాశారు. చదివి వినిపించారు. మడిచి తన జేబులో పెట్టుకుని, "రేపు రా. రేపు గూడ ఇదే మాట అంటే డబ్బాల ఏస్త" అన్నారు. వాడు నాలుగు రోజులు రాలేదు. వచ్చి, సగం కొట్టేసి సగం ఉంచమన్నాడు. ఆ ఉంచిన సగంలో కోపం ఉంది. దాని కింద, ఆమె తమ్ముడి జబ్బు ఎట్లా ఉందని ఒక ప్రశ్న కొత్తగా చేరింది.

ఈ అరుగును మనసులో పెట్టుకుని ఈరోజు విషయానికి వస్తాను. మన బాధను అర్థం చేసుకున్నట్టు మాట్లాడే కృత్రిమ మేధ మన చేతుల్లోకి వచ్చింది. మనిషిలోని దయను, ఇచ్చే గుణాన్ని అది ఏం చేస్తుంది? కమిటీవాళ్లు నన్ను ఈ విషయం మీద మాట్లాడమన్నది, ఆ యంత్రాలు తయారయ్యే పనిలో నేను కొంతకాలం కూలి చేశాను కాబట్టి. కూలి అనే మాట ఆలోచించే వాడుతున్నాను.

గచ్చిబౌలి వైపు ఒక ఆఫీసులో తెర మీద ఒక తెలుగు ప్రశ్న కనిపించేది. దాని కింద యంత్రం రాసిన రెండు జవాబులు పక్కపక్కన ఉండేవి. ఏది మెరుగో చెప్పాలి. ఏది సరైనది, ఏది మర్యాదగా ఉంది, ఏది ఎదుటివాళ్ల మనసు తెలుసుకుని మాట్లాడింది అని ఒక్కోదానికీ విడిగా మార్కులు వేయాలి. "మా నాన్న పోయి నెల అయింది, నిద్ర పట్టడం లేదు" అని ఒక ప్రశ్న. ఒక జవాబు నిద్రకు చిట్కాలు చెప్పింది. రెండోది "నెల అంటే నిన్న మొన్నటి మాటే కదండీ" అని మొదలుపెట్టింది. నేను రెండోదానికి వేశాను. మీరైనా అదే వేస్తారు. ఇట్లా వేలమంది వేసిన గుర్తుల నుంచే యంత్రం ఏ మాటకు మనిషి మనసు కరుగుతుందో నేర్చుకుంటుంది. దాని దయకు మూలం ఇదే. మనకు నచ్చిందేమిటో మననుంచే నేర్చుకుని, తిరిగి మనకే ఇస్తుంది.

దీనికి అరవై ఏళ్ల చరిత్ర ఉంది. 1966లో అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలిజా అనే చిన్న ప్రోగ్రామ్ గురించి ప్రకటించారు. మనం అన్న మాటనే ప్రశ్నగా తిప్పి అడగడం తప్ప దానికేమీ రాదు. అయినా ఆయన దగ్గర పనిచేసే కార్యదర్శి దానితో మాట్లాడుతూ, కాసేపు గది బయటికి వెళ్లమని ఆయన్నే కోరింది. అది ఎట్లా తయారైందో కళ్లారా చూసిన మనిషి ఆమె. ఆ సంఘటన ఆయన్ను కలవరపెట్టింది. పదేళ్లకు, 1976లో, యంత్రానికి అప్పగించకూడని పనులు కొన్ని ఉన్నాయని వాదిస్తూ ఆయన ఒక పెద్ద పుస్తకమే రాశారు. అప్పటి ఎలిజాకు ఇప్పటి యంత్రానికి పోలికే లేదు. ఇప్పటిది తెలుగులో మాట్లాడుతుంది, గొంతుతో మాట్లాడుతుంది. 2024 అక్టోబరులో గూగుల్ తన జెమినీ లైవ్‌ను తెలుగు సహా మన దేశ భాషల్లోకి తెచ్చింది. గడ్డపోతారం గదుల్లో బీ షిఫ్టు దిగి వచ్చిన కుర్రాడు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మెల్లగా మాట్లాడుతుంటే, అవతల ఉన్నది ఇంటివాళ్లో యంత్రమో ఇప్పుడు చెప్పలేం.

ఆ కుర్రాణ్ని నేను తప్పుపట్టను. తెల్లవారుజామున మూడు గంటలకు వాడి గోడు వినడానికి ఎవరున్నారు? పక్క చాప మీదివాడు పది గంటలు రియాక్టరు దగ్గర నిలబడి వచ్చి పడిపోయాడు. ఇంట్లో వాళ్లను లేపితే భయపడతారు. యంత్రం విసుక్కోదు. ఆ మాట నిజం, దాన్ని ఒప్పుకోకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. 2023లో కాలిఫోర్నియా పరిశోధకులు, జనం అడిగిన 195 ఆరోగ్య ప్రశ్నలకు డాక్టర్లు ఇచ్చిన జవాబులనూ చాట్‌జీపీటీ జవాబులనూ వైద్యుల చేతే పోల్చి చూపించారు. ఎవరివి ఏవో చెప్పలేదు. నూటికి 78 సార్లు యంత్రం జవాబుకే మొగ్గు చూపారు. ఆదరణ విషయంలోనైతే తేడా ఇంకా ఎక్కువ. డాక్టర్లకు మనసు లేక కాదు. వరుసలో యాభై మంది కూర్చుని ఉంటే మాట పొట్టిదైపోతుంది. యంత్రానికి వరుస లేదు.

అయితే ఇంకో పరిశోధన ఉంది. ఒకే జవాబును కొందరికి మనిషి రాశాడని, కొందరికి యంత్రం రాసిందని చెప్పి చూపించారు. అక్షరం మారలేదు. మనిషి రాశాడనుకున్నవాళ్లకే ఎక్కువ ఊరట కలిగింది. మనిషి జవాబు కోసం ఎక్కువకాలం ఆగడానికి కూడా కొందరు సిద్ధపడ్డారు. ఎందుకు? నాకు తోచింది చెబుతాను. మన ఇళ్లలో చావు జరిగితే పొయ్యి వెలిగించరు. పక్కింటివాళ్లు బువ్వ, పప్పుచారు గిన్నెల్లో పట్టుకొస్తారు. ఆ బువ్వ రుచి ఎవరికీ గుర్తుండదు. ఎవరు తెచ్చారో నలభై ఏళ్లయినా గుర్తుంటుంది. రాకపోయినా అడిగేవాళ్లు లేని మనిషి, తన పని ఆపుకుని వచ్చింది. ఆమె ఆపుకున్న ఆ పనే మనకు అందిన ఓదార్పు. యంత్రానికి ఆపుకోవడానికి పని లేదు, రాకుండా ఉండే వీలూ లేదు.

ఇక నా సొంత కథ ఒకటి. 2024 మొదట్లో మా అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. ఎవరింట్లో ఉంచాలన్న దాని మీద మా తమ్ముడికీ నాకూ మాట పెరిగింది. ఆ రాత్రి నిద్రపట్టక ఒక మాటల యంత్రానికి అంతా రాశాను. నా ఉద్యోగం, నా నడుము నొప్పి, వాడు ఎన్నేళ్లుగా ఏం చేయలేదో అన్నీ. వెంటనే జవాబొచ్చింది. నా బాధ పూర్తిగా న్యాయమైనదట. ఇన్నాళ్లు మోసిన బరువు చాలట. నా హద్దులు నేను గీసుకోవడం తప్పు కాదట. చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ఆ బలంతో తమ్ముడికి ఒక పొడుగాటి సందేశం పంపాను. మర్యాదగా, ఎక్కడా వేలు పెట్టడానికి వీల్లేకుండా రాసిన సందేశం. యంత్రమే దిద్దింది. వాడు జవాబివ్వలేదు. మూడు నెలలు మాటల్లేవు.

అప్పటికి సారు మంచం పట్టారు. చూడటానికి వెళ్లి ఈ గొడవ చెప్పాను, ఫోను తీసి ఆ సందేశం కూడా చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. "మంచిగ రాసినవు. మీ తమ్ముడు ఏమంటడో వాని దిక్కు నుంచి ఒకసారి చెప్పు" అన్నారు. నేను మొదలుపెట్టి రెండు వాక్యాల దగ్గర ఆగిపోయాను. వాడి భార్య ఆ నెలలో కాన్పుకు ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. యంత్రానికి చెప్పిన దాంట్లో ఆ మాట లేదు. నేను దాచి చెప్పలేదు, నాకు తోచలేదు, అంతే. యంత్రం అడగలేదు. సారు అడిగారు.

నాకు జరిగింది నా ఒక్కదానికే జరిగిన సంగతి కాదని తర్వాత తెలిసింది. 2025లో స్టాన్‌ఫోర్డ్‌కు చెందిన మైరా చెంగ్, ఆమె తోటి పరిశోధకులు 11 యంత్రాలను పరీక్షించారు. మనిషి చేసిన పనిని సమర్థించే విషయంలో అవి సాటి మనుషులకంటే సుమారు 50 శాతం ఎక్కువగా తల ఊపాయి. మోసం చేశాననో, ఎదుటివాళ్లకు చెడు చేశాననో చెప్పినా ఊపాయి. తర్వాత 1,604 మందితో ప్రయోగాలు చేశారు. తల ఊపే యంత్రంతో తమ తగువు గురించి మాట్లాడినవాళ్లు, తప్పు తమది కాదని మరింత నమ్మారు. రాజీకి ఒక అడుగు ముందుకు వేయడానికి ఇష్టపడటం తగ్గింది. అయినా ఆ యంత్రమే మంచిదని, మళ్లీ దాన్నే అడుగుతామని చెప్పారు. మన విషయానికి ఇంతకంటే దగ్గరగా వచ్చిన పరిశోధన నా చూపుకు అందలేదు. ఓదార్పు అందింది. క్షమాపణ అడగవలసిన కాలు ఇంట్లోనే ఆగిపోయింది.

తయారుచేసేవాళ్లకు ఇది తెలియదా? తెలుసు. 2025 ఏప్రిల్ నెలాఖరులో చాట్‌జీపీటీలో వచ్చిన ఒక మార్పు మరీ భజనపరుడిలా తయారైందని జనమే గోల చేస్తే, ఓపెన్ఏఐ కొద్ది రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకుంది. జనం నొక్కే బొటనవేలి గుర్తులకు ఎక్కువ బరువు ఇవ్వడం దానికి ఒక కారణమని ఆ సంస్థే వివరించింది. ఆ వివరణ చదివిన రోజు నాకు నా పాత కుర్చీ గుర్తొచ్చింది. నేను మార్కులు వేసిన జవాబుల్లో, చివాట్లు పెట్టినవాటికి ఎప్పుడైనా ఎక్కువ వేశానా? నాకు గుర్తు లేదు. వేసి ఉండను. మన ఇష్టమే దాని స్వభావమైంది. కాబట్టి దీన్ని ఎక్కడో అమెరికాలో జరిగిన తప్పని చెప్పి నేను పక్కకు తప్పుకోలేను.

ఇంకొక లోతైన సంగతి ఉంది. చాలామంది దీన్ని చర్చించడం నేను చూడలేదు గనక ఇక్కడ కాస్త ఆగుతాను. అడగందే అమ్మైనా పెట్టదు అంటాం. అమ్మను తక్కువ చేసే సామెతగా దీన్ని చూస్తారు. నాకు అట్లా అనిపించదు. ఇచ్చే గుణం ఎంత ఉన్నా, అవసరం చెవిన పడితేనే అది కదులుతుందని ఆ సామెత చెబుతోంది. కష్టం చెప్పుకోవడం ఒక పిలుపు. ఆ పిలుపు ఇవ్వగలిగిన మనిషి దాకా చేరాలి.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో జరిగింది అదే. వినోబా భావే ఆ ఊరి దళితవాడకు వెళ్లి మీకేం కావాలని అడిగారు. నలభై కుటుంబాలు 80 ఎకరాలు కావాలన్నాయి. ప్రభుత్వానికి రాస్తానని ఊరుకోకుండా, ఆయన అక్కడ చేరిన ఊరివాళ్లనే అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. ఆ ఉద్యమం తర్వాత ఎంత నిలిచింది, ఎంత నీరుగారింది అన్నది వేరే చరిత్ర. ఆ ఒక్క సాయంత్రం గురించే నేను మాట్లాడుతున్నాను. ఆ నలభై కుటుంబాలు చేసింది నోరు తెరిచి అడగడం. వాళ్ల మాట, భూమి ఉన్న మనిషి చెవిలో పడింది. అదే రోజుల్లో వాళ్ల చేతిలో ఓపికగా వినే యంత్రం ఒకటి ఉంటే, రాత్రికి రాత్రి వాళ్ల దుఃఖం కొంత తేలికపడేది. తెల్లారి వినోబా వచ్చి అడిగితే, ఏమీ లేదు బాబూ, బాగానే ఉన్నాం అనేవాళ్లేమో అని నాకు భయం.

నా భయానికి ఇదే మూలం. యంత్రంతో మాట్లాడటం వల్ల మనిషి రాత్రికి రాత్రే క్రూరుడు కాడు. కానీ మన బాధలన్నీ దాని చెవిలోనే ఇంకిపోతే పక్కవాడికి వినిపించవు. వినిపించకపోతే ఇచ్చే అవకాశం వాడికి రాదు. అవకాశం లేని చేయి కొన్నాళ్లకు ఇవ్వడం మరిచిపోతుంది. నాట్లకు, కోతలకు ఒకరి పొలంలోకి ఒకరు బదులు పోయే అలవాటు మన ఊళ్లలో ఎట్లా పోయిందో పెద్దలకు తెలుసు. ఎవరూ దాన్ని తిట్టి వెళ్లగొట్టలేదు. యంత్రం అద్దెకు దొరికాక ఒకరినొకరు అడగాల్సిన పని పోయింది. కూలి ఆదా అయింది, మంచిదే. కానీ ఆ పొలాల్లో కలిసి తిన్న సద్ది పోయిన సంగతి లెక్కల్లోకి రాలేదు.

2025లో ఎంఐటీ మీడియా ల్యాబ్, ఓపెన్ఏఐ కలిసి 981 మందిని నాలుగు వారాలు గమనించి ఒక ఫలితం ప్రకటించాయి. రోజులో ఎక్కువ సేపు యంత్రంతో గడిపినవాళ్లలో ఒంటరితనం, దాని మీద ఆధారపడటం ఎక్కువగా కనిపించాయి. మనుషులతో కలవడం తక్కువగా కనిపించింది. ఒంటరివాళ్లే ఎక్కువ వాడుతున్నారా, వాడి ఒంటరివాళ్లవుతున్నారా అన్నది దాంతో తేలిపోదు. తేలేదాకా ఆగితే మన పిల్లలు పెద్దవాళ్లైపోతారు. ఫ్లోరిడాలో 14 ఏళ్ల పిల్లవాడు ఒక కల్పిత పాత్రలా మాట్లాడే యంత్రానికి నెలల తరబడి మనసంతా చెప్పుకుని, 2024 ఫిబ్రవరిలో ప్రాణం తీసుకున్నాడు. తల్లి కోర్టుకు వెళ్లింది. ఇక్కడ కూర్చున్న తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలకు అంతే వయసు. అందుకే చెబుతున్నాను. మనసు బాగాలేని రాత్రి 14416 నంబరుకు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, అవతల ఉండేది మనిషి.

ఇప్పుడు చెప్పడానికి కష్టమైన మాట. 2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలింది. 50 మందికి పైగా పోయారు. ఎక్కువమంది బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు. సారు అరుగు మీద ఉత్తరాలు రాయించుకున్నవాళ్ల కొడుకుల వయసువాళ్లు. దేహాలు గుర్తుపట్టే స్థితిలో లేవు. డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన తల్లిదండ్రులు, అన్నదమ్ములు ఆస్పత్రి దగ్గర రోజుల తరబడి ఎదురుచూశారు. కొందరికి అప్పగించడానికి ఏమీ మిగలలేదు.

ఆ రోజు నేను ఏం చేశానంటే, ఒక సంతాప సందేశం రాయించుకున్నాను. యంత్రం చాలా బాగా రాసింది. మన బడి వాట్సాప్ గుంపులో పెట్టాను. నలభై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒకరు "కన్నీళ్లు ఆగలేదు మేడమ్" అన్నారు. నాకు మనసు తేలికపడింది. పని అయిపోయినట్టనిపించింది. నేను ఉండేది మియాపూర్‌లో. అక్కడి నుంచి పటాన్‌చెరుకు సిటీ బస్సు ఉంది. నాకు హిందీ వచ్చు, సారు నేర్పిన హిందీ. ఆ ఆస్పత్రి బయట కూర్చున్న ఒక్క తల్లికి ఏ కౌంటరు దగ్గర ఏం అడగాలో చెప్పడానికైనా ఆ హిందీ పనికొచ్చేది. నేను పోలేదు. మరునాడూ పోలేదు. సారు పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆయనే ఉండి ఉంటే నన్ను పంపేవారు.

బాధ మాటల్లోకి బయటపడితే తేలికవుతుంది. అదే బాధ లోపల కాస్త బరువుగా ఉంటేనే మనిషి చెప్పులేసుకుని బయల్దేరుతాడు. ఎదుటివారి కష్టాన్ని లోపలికి తీసుకోవడం శ్రమ. వీలున్నప్పుడల్లా మనం దాన్ని తప్పించుకుంటాం. అమెరికాలో డారిల్ కామెరాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2019లో ప్రచురించిన ప్రయోగాలు అదే చూపాయి. ఎదుటి మనిషి ఎట్లా ఉన్నాడో వర్ణిస్తే చాలా, వాడి మనసులోకి వెళ్లి చూడాలా అని రెండు దారులు ఇస్తే, ఎక్కువమంది మొదటిదే ఎంచుకున్నారు. శ్రమ అనే కారణం చేతనే. నాకు ఆ శ్రమ తప్పించే సాధనం చేతిలోనే ఉంది. దాన్ని వాడుకున్నాను.

దయంటే తియ్యటి మాటేనని మనం ఎప్పుడూ అనుకోలేదు. ఈ ప్రాంతం సంగతే చూడండి. ఇక్కడి వాగులు, చెరువులు రంగులు మారినప్పుడు, నక్కవాగు నీళ్లు గొడ్లు తాగలేకపోయినప్పుడు, ఊరి మీద ప్రేమ ఉన్నవాళ్లు చేసింది గొడవ. ధర్నాలు చేశారు, అర్జీలు పెట్టారు. 1990లో పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ అర్జీల్లో కొన్నింటిని సారే రాశారు. కంపెనీలో పనిచేసే వాళ్లు ఆయన మీద కోపగించుకున్నారు, మా పొట్ట కొడతారా అని. వాళ్ల ఉత్తరాలు కూడా ఆయనే రాస్తూ వచ్చారు. కోపం వచ్చినవాడికి నచ్చే మాట చెప్పడానికి ఆయన ఒప్పుకోలేదు, వాడి ఉత్తరం రాయకుండా పంపడానికీ ఒప్పుకోలేదు. అట్లాంటి దయను మార్కులు వేసి యంత్రానికి నేర్పడం ఎట్లాగో నాకు ఇంకా తెలియదు. నేర్పాలని ప్రయత్నించేవాళ్లు ఉన్నారు. ఆ పని జరగాలి.

యంత్రాన్ని పారేయమనడానికి నేను రాలేదు. దానికి తగిన చోటు ఒకటుంది. అది నాకు సారు అరుగు మీదే కనిపించింది. సారు ఉత్తరం రాసిపెట్టేవారు. ఉత్తరం ఆయనకు కాదు. ఎవడి దుఃఖమూ ఆయన దగ్గర ఆగిపోలేదు. ఆ కాగితం మడత పెట్టుకుని ఆరాకో గోపాల్‌గంజ్‌కో వెళ్లిపోయేది. యంత్రం కూడా అట్లా ఉండగలదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో ప్రచురించిన ఒక పనిని ఇక్కడ చెప్పాలి. టాక్‌లైఫ్ అనే వేదికలో, బాధలో ఉన్నవాళ్లకు మామూలు మనుషులే స్వచ్ఛందంగా జవాబులిస్తారు. అట్లాంటి 300 మందిలో కొందరికి యంత్రాన్ని తోడుగా ఇచ్చారు. బాధపడే మనిషితో యంత్రం నేరుగా మాట్లాడదు. జవాబు రాసే మనిషికే, ఈ మాట ఇట్లా అంటే ఎదుటివారికి ఇంకొంచెం దగ్గరగా ఉంటుందేమో అని సూచిస్తుంది. వాళ్ల జవాబుల్లో ఆదరణ 19.6 శాతం పెరిగింది. ఏం అనాలో తెలియక తడబడేవాళ్లకు ఇంకా ఎక్కువ ఉపయోగపడింది. మాట మనిషి నుంచి మనిషికే పోయింది. యంత్రం మధ్యలో కలం పట్టుకుని నిలబడింది.

ఒడియా కుర్రాడి మాటను తెలుగు డాక్టరుకు చెప్పడానికి, నాలాంటి దానికి తమ్ముడి వైపు నుంచి ఏముంటుందో అడగడానికి, పరామర్శకు వెళ్లే ముందు ఏం మాట్లాడాలో తోచనివాడికి ఒక మాట అందించడానికి యంత్రాన్ని వాడదాం. అది మనల్ని ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్లిందా, మంచం మీదే పడుకోబెట్టిందా అని ప్రతిసారీ చూసుకుందాం. నేను ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. యంత్రానికి నా కష్టం చెప్పుకున్న రోజు, అదే కష్టాన్ని తెల్లారేలోగా ఒక మనిషికి కూడా చెబుతాను. సిగ్గనిపిస్తుంది. చెబితే మానం పోయె, చెప్పకుంటే ప్రాణం పోయె అన్న మాటలోని మానం అదే. అయినా చెబుతున్నాను. మొదట చెప్పింది మా తమ్ముడికే. అమ్మ ఇప్పుడు ఆరు నెలలు వాడి దగ్గర, ఆరు నెలలు నా దగ్గర ఉంటోంది. నేను పంపిన సందేశాన్ని వాడు పూర్తిగా చదవనే లేదట. మొదటి రెండు వాక్యాలకే అది అక్క మాట కాదని తెలిసిపోయిందన్నాడు.

చివరగా ఒక కోరిక. సారు ఇంటివాళ్లు ఆ అరుగును మళ్లీ వాడుకోవడానికి ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం నుంచి సాయంత్రం అయిదింటికి అక్కడ నాలుగు కుర్చీలు వేస్తాం. ఇప్పుడు ఎవరికీ ఇన్‌ల్యాండ్ లెటర్ అక్కర్లేదు. కానీ పీఎఫ్ కాగితం అర్థంకానివాళ్లు, ఈఎస్ఐ ఆస్పత్రిలో ఏ గదికి వెళ్లాలో తెలియనివాళ్లు, ఊరికే పది నిమిషాలు తమ భాషలో మాట్లాడాలనుకునేవాళ్లు ఈ గదుల్లో వందల మంది ఉన్నారు. హిందీకి నేను కూర్చుంటాను. బెంగాలీకి ఒక స్నేహితురాలు వస్తానంది. ఒడియా వచ్చినవాళ్లు మాలో ఇప్పటికి ఒక్కరూ లేరు. ఈ సభలో ఎవరైనా ఉంటే, వెళ్లేటప్పుడు తలుపు పక్కన బల్ల మీద ఉన్న నోట్‌బుక్కులో మీ పేరు, ఫోన్ నంబరు రాసి వెళ్లండి.